రివిజన్ నాలుగొందల పన్నెండు

మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ప్రోగ్రామర్ ఏడో అంతస్తులో లిఫ్టు బటన్ నొక్కాడు. రెండో అంతస్తులో మీటింగ్ ఉందని కబురొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఫోన్‌లో కూతురి ఫొటో ఏదో చూసుకుంటూ లోపలికి అడుగు వేశాడు. లోపల లిఫ్టు లేదు.

లిఫ్టు మెకానిక్ వచ్చి చూసి సెన్సర్ పాడైందన్నాడు. పోలీసులు వచ్చి చూసి ప్రమాదం అన్నారు. డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కరూ రాలేదు, ఏమీ అనలేదు. డిపార్ట్‌మెంట్ పలకలేదంటే అది హత్య అని అర్థం.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి డిపార్ట్‌మెంట్ నాలుగో గదిలో తుమ్మ కూర్చుని ఉన్నాడు. ఇక్కడ గూఢచారులందరికీ చెట్ల పేర్లే పెడతారు. పదిహేడేళ్ళ కిందట ఇతను చేరేనాటికి మంచి చెట్లేవీ ఖాళీగా లేవు. ఇంట్లోవాళ్ళ దృష్టిలో మాత్రం ఇతను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్. కూరగాయల కొట్లో తరాజు చూసినప్పుడల్లా పెళ్ళాం గర్వంగా ఇతని వైపు చూస్తుంది. ఇతను తరాజు వైపు సీరియస్‌గా చూస్తాడు.

ఎదురుగా పెద్దాయన. డిపార్ట్‌మెంట్‌కి ఆయనే తల. ఆ గదిలో కంప్యూటర్ లేదు, ఉండకూడదని ఆయన రూల్. గోడ మీద బోర్డు ఉంది: "తెర మీద ఉన్నది సాక్ష్యం కాదు. కాగితం మీద ఉన్నదే సాక్ష్యం."

"చనిపోయినతను నీకేమవుతాడో తెలుసు నాకు," అన్నాడు పెద్దాయన.

"తోడల్లుడు సార్. మా మరదలి భర్త."

"పొద్దున అంత్యక్రియలకి వెళ్ళావు కదా. ఏడ్చావా?"

"లేదు సార్."

"నాకూ అదే చెప్పారు. అందుకే ఈ పని నీకిస్తున్నాను."

నిజానికి మంగళవారం నుంచి తుమ్మ ఏడుపు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు, బస్టాపులో నిలబడి బస్సు కోసం చూసినట్టు. దుఃఖం రాలేదు. కోపం కూడా రాలేదు. అన్నం తింటే అన్నంలా ఉంది, నీళ్ళు తాగితే నీళ్ళలా ఉన్నాయి. పక్కింటావిడ చాటుగా "రాయి" అంది. ఆ మాట విని కూడా అతనికి ఏమీ అనిపించలేదు.

పెద్దాయన బల్ల మీద ఒక కాగితం పెట్టాడు.

"రైల్వే సిగ్నల్ బాక్సులకి ప్రోగ్రామ్ రాసే కంపెనీ అది. ప్రోగ్రామ్‌లో ఎవరు ఏ మార్పు చేసినా దానికో నంబర్ పడుతుంది. రివిజన్ అంటారు. రెండు రివిజన్లకి తేడా ఏంటని కమాండ్ కొడితే..."

"డిఫ్ వస్తుంది సార్. చేరిన లైన్ ముందు ప్లస్, పోయిన లైన్ ముందు మైనస్. తమ్ముడు చెప్పాడు."

తోడల్లుణ్ణి అతను తమ్ముడనే పిలిచేవాడు. ఒకసారి భోజనాల దగ్గర తమ్ముడు భార్య రాసిన రెండు సరుకుల చీటీలు పక్కపక్కన పెట్టి చూపించాడు. "పాత చీటీలో సబ్బుంది, కొత్తదాంట్లో లేదు. మైనస్ సబ్బు. కొత్తదాంట్లో బల్బుంది. ప్లస్ బల్బు. ఇంతే అన్నయ్యా నా ఉద్యోగం. దీనికి నెలనెలా జీతమిస్తున్నారు, ఎవరికీ చెప్పకు." అందరూ నవ్వారు. తుమ్మ కూడా నవ్వినట్టే గుర్తు.

కాగితం పైభాగాన నాలుగు వేళ్ళ వెడల్పున పసుపుపచ్చ చీటీ అంటించి ఉంది: అతి రహస్యం. ఈ గదిలోకి వచ్చే ప్రతి కాగితం నెత్తిన ఆ చీటీ పడాల్సిందే. అంటించేది రికార్డు సెక్షన్‌లో ముప్ఫై ఒక్కేళ్ళుగా అదే పని చేస్తున్న గుమాస్తా. ఆయన్ని అందరూ బంకాయన అంటారు. చీటీ కింద మూడు లైన్ల ప్రోగ్రామ్ ఉంది. మూడింటి ముందూ మైనస్. మూడింటి చివరా "37/1" అని ఉంది. మధ్యలో ఒక పేరు ఇంగ్లిషు అక్షరాల్లో కనిపించింది: ఆగు నాయనా.

"ఈ లైన్లు అతను రాసినవేనా?"

తుమ్మ చూశాడు. తమ్ముడి కూతురికి ఆరేళ్ళు. ఇంట్లో ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెడుతుంటే తమ్ముడు కూర్చున్నచోట నుంచే "ఆగు నాయనా, ఆగు" అనేవాడు. ఆ పిల్ల ఒక్కసారీ ఆగలేదు.

"అతనివే సార్."

"ఆ ముప్ఫై ఏడు బై ఒకటి?"

"తెలీదు సార్."

"లైన్ నంబరై ఉంటుంది. ఒకే పట్టా మీదికి రెండు బళ్ళు వస్తుంటే రెండోదాన్ని ఆపే చెక్ అది. అతను సోమవారం సాయంత్రం రివిజన్ నాలుగొందల పన్నెండులో దాన్ని పీకేశాడు. సరిహద్దు అవతలి ముఠా చేయించింది. పనయ్యాక వాణ్ణే పీకేసింది." పెద్దాయన కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. "రేపు నాలుగింటికి కొత్త ప్రోగ్రామ్ నూట పన్నెండు సిగ్నల్ బాక్సులకి వెళ్ళాలి. ఐదూ పదికి ఫ్యాక్టరీ షిఫ్టు బండి, ఆయిలు ట్యాంకర్ల బండి ఒకే లూప్ లైన్ దగ్గరికొస్తాయి. షిఫ్టు బండిలో తొమ్మిదొందల మంది. అందుకని పన్నెండుని పక్కన పెట్టి పదకొండునే పంపమని ఆర్డరిచ్చాను."

"ఈ కాగితం ఎవరిచ్చారు సార్?"

"సంపెంగ. మన మనిషే. రెండేళ్ళుగా అక్కడ రిలీజ్ మేనేజర్, తయారైన ప్రోగ్రామ్‌ని బాక్సులకి పంపేది ఆమే. బంకాయన ఎదురుగా, రివిజన్లు దాచే టూల్ నుంచి నేరుగా ప్రింట్ తీసింది. మధ్యలో ఎవరి చెయ్యీ పడలేదు. నువ్వు ఏసీ మెకానిక్‌గా వెళ్ళు. నాలుగింటి దాకా ఆమెకి ఏమీ కాకుండా చూడు. శుక్రవారం పేపర్లో అతని పేరు వేయిస్తాం."

"వాళ్ళ పాప స్కూల్లో పేపర్ చదివిస్తారు సార్."

"నీకు ఏడుపు రాలేదన్నావు."

"రాలేదు సార్. సమాచారం చెప్పాను."

వెళ్తూ వెళ్తూ పరికరాల మాస్టారి దగ్గర ఆగాడు. మాస్టారు కొత్త చేతి గడియారం కట్టాడు. అందులో కెమెరా ఉంది, రేడియో ఉంది, గాజు కోసే బ్లేడుంది.

"టైమెక్కడ కనిపిస్తుంది?" అనడిగాడు తుమ్మ.

"టైముకి చోటు చాల్లేదు," అన్నాడు మాస్టారు.

సాయంత్రం మరదలింటికి వెళ్ళాడు. అతని పెళ్ళాం నిన్నట్నుంచీ చెల్లెలి దగ్గరే ఉంది. పాప గది మూల కూర్చుని రంగుపెన్సిళ్ళు చెక్కుతోంది. చెక్కినదాన్నే మళ్ళీ చెక్కుతోంది. మరదలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

"బావగారూ, ఆయన ఆఫీసు నుంచి ఒక్కళ్ళూ రాలేదు. ఫోన్ చేస్తే పెట్టేస్తున్నారు. ఈయనేమన్నా తప్పు చేశారా?"

"కనుక్కుంటానమ్మా."

"తూనికల ఆఫీసులో మీకేం తెలుస్తుంది లెండి." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అలసట మాత్రమే ఉంది. "సోమవారం రాత్రి హుషారుగానే ఉన్నారు. ఇవాళొక మంచి పని చేశాను, తర్వాత చెప్తానన్నారు. మర్నాడు పొద్దునే వెళ్ళిపోయారు. ఏం చేశారో తెలిస్తే చాలు నాకు. మంచో చెడో, తెలిస్తే చాలు."

తుమ్మ నీళ్ళు తాగాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

గురువారం రెండున్నరకి ఖాకీ బట్టల్లో, భుజాన పరికరాల సంచీతో కంపెనీలో అడుగుపెట్టాడు. ఏడో అంతస్తుకి మెట్లెక్కే వెళ్ళాడు.

రిలీజ్ మేనేజర్ గది తలుపు తీయగానే ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి కనిపించింది. పేరు పెట్టినవాడెవడో కళ్ళున్నవాడే. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. నల్ల సిల్కు చొక్కా, చెవికి ఒంటిరాయి కమ్మ, ఎదుటివాడి పేరు తనకొక్కదానికే తెలుసన్నట్టు ఒక నవ్వు. పలువరస దువ్వెనలా తీర్చి ఉంది.

"గది చల్లగా లేదు," అంది సంపెంగ.

"గ్యాసు తక్కువై ఉంటుంది," అన్నాడు తుమ్మ. కోడ్ కలిసింది.

ఆమె లేచి తలుపు వేసింది. "మీ తోడల్లుడని విన్నాను. బాధగా ఉంది నాకు. మనిషి మంచివాడే, ఎక్కడ తప్పాడో. సోమవారం సాయంత్రం కూడా వచ్చి నాతో మాట్లాడి వెళ్ళాడు."

"ఏం మాట్లాడాడు?"

"మామూలే. ఇంటి సంగతులు." ఆమె గడియారం చూసింది. "మూడూ నలభై ఐదుకి సర్వర్ రూముకి రండి. అప్పటిదాకా ఏసీ బాగుచేస్తున్నట్టు కనిపిస్తే చాలు."

బల్ల మీద పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ కార్డుంది. ఈ వారంలో మూడు తేదీలు టిక్కు పెట్టి ఉన్నాయి. అంత చక్కటి పలువరసకి వారంలో మూడుసార్లు డాక్టరెందుకని తుమ్మకి ఒక ఆలోచన వచ్చింది. వచ్చింది కాబట్టి దాచుకున్నాడు.

ఏసీ బాగుచేస్తున్నట్టు కనిపించడానికి తమ్ముడి సెక్షన్‌లో నిచ్చెన వేశాడు. ఆరు బల్లలు. ఐదింటి ముందు మనుషులు, ఆరోదాని ముందు ఖాళీ కుర్చీ. కుర్చీ వీపుకి స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది. కంప్యూటర్ తెర అంచున తమ్ముడి చేతిరాతతో ఒక చీటీ అతికించి ఉంది: "కొత్తగా చేరినవాళ్ళకి: డిఫ్ అడిగేటప్పుడు పాతది ముందు, కొత్తది తర్వాత."

దాని పైన గోడకి కంపెనీ క్యాలెండర్. నెలలు చిన్నగా, వారాల నంబర్లు పెద్దగా అచ్చు వేసిన క్యాలెండర్. ఈ వారం చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది. ముప్ఫై ఏడో వారం.

తుమ్మ నిచ్చెన మీదే ఆగిపోయాడు.

పక్క బల్ల దగ్గర యాభై ఏళ్ళావిడ కూర్చుని ఉంది. ముక్కు మీద కళ్ళద్దాలు, ఒళ్ళో ఒక దిండు. ప్రోగ్రామర్లు రాసినదాంట్లో తప్పులు పట్టే టెస్టర్ ఆవిడ.

"అమ్మా, ముప్ఫై ఏడు బై ఒకటి అంటే ఏంటండీ?"

"వారం, రోజు. ముప్ఫై ఏడో వారం, మొదటి రోజు. రైల్వేవాళ్ళతో పని కదా, వాళ్ళు వారాలే అడుగుతారు. మా దగ్గర ఏ లైన్ రాసినా చివర రాసిన రోజు వెయ్యాలి. నీకెందుకు బాబూ?"

"మొదటి రోజంటే సోమవారమా?"

"ఇంకేముంటుంది."

సోమవారం తీసేసిన లైన్ మీద అదే సోమవారం పుట్టిన తేదీ ఉంది. ఉన్న చెక్‌ని పీకేసేవాడు ముందు దాన్ని రాసి, తన కూతుర్ని పిలిచే పిలుపు అందులో పెట్టి, తేదీ వేసి మరీ పీకుతాడా? తుమ్మ నిచ్చెన దిగాడు.

"అమ్మా, ఆయన నా తమ్ముడు."

టెస్టర్ ఆవిడ కళ్ళద్దాలు తీసింది. మళ్ళీ పెట్టుకుంది. ఇతని ఖాకీ బట్టలు చూసింది.

"ఏం కావాలి?"

"నాలుగొందల పదకొండుకీ పన్నెండుకీ తేడా చూడాలి."

ఆవిడ నల్ల తెర తెరిచి చకచకా కొట్టింది. డిఫ్, మైనస్ ఆర్, నాలుగొందల పదకొండు, కోలన్, నాలుగొందల పన్నెండు. తెర మీద మూడు లైన్లొచ్చాయి. అవే లైన్లు, అదే ఆగు నాయనా. మూడింటి ముందూ ప్లస్.

"ఇప్పుడు నంబర్లు అటూ ఇటూ మార్చండి."

ముందు పన్నెండు, తర్వాత పదకొండు. మూడు ప్లస్‌లూ మైనస్‌లయ్యాయి.

"తిరగేసి అడిగితే తిరగేసే చెప్తుంది," అంది టెస్టర్ ఆవిడ. "దాని తప్పేం లేదు. ఏది ముందడిగామో పైన రెండు లైన్లలో రాసే ఉంటుంది, చూసుకోవాలి."

పైన రెండు లైన్లు. సరిగ్గా అక్కడే నాలుగు వేళ్ళ వెడల్పున పసుపుపచ్చ చీటీ అంటించారు. సంపెంగ కాగితంలో ఒక్క అక్షరం మార్చలేదు. రెండు నంబర్ల వరస మార్చింది, మిగతా పని డిపార్ట్‌మెంట్ జిగురు చేసింది.

"మరి ఈ చెక్ ఇంతకుముందు ఉండేదా? ఎప్పుడు పోయింది?"

ఆవిడ ఒక్కో రివిజన్‌నీ దాని ముందుదానితో పోల్చుకుంటూ వెనక్కి నడిచింది. పది నిమిషాలు పట్టింది. మూడొందల తొంభై ఎనిమిదిలో దొరికింది. మూడు మైనస్‌లు. చేసింది రిలీజ్ మేనేజర్ మేడమ్. మార్పు పక్కన కారణం రాసుంది: "అక్కర్లేని ఖాళీలు సరిచేశాను." నలభై ఫైళ్ళలో ఖాళీలు సర్ది, మధ్యలో ఇది కూడా సర్దేసింది.

"పన్నెండు పక్కన ఏం రాసుంది?"

ఆవిడ లాగ్ తీసి, చదవకుండా తెర అతని వైపు తిప్పింది. సోమవారం సాయంత్రం ఐదూ నలభై.

"ఆపే చెక్ ఎక్కడో పోయింది. మళ్ళీ రాసి పెట్టాను. ఎవరు తీశారో రేపు చూస్తాను. మేడమ్‌కి చెప్పాను."

ఎవరు తీశారో ఆమెకే వెళ్ళి చెప్పాడు తమ్ముడు. ఒక్క కమాండ్ కొట్టుంటే పేరు వచ్చేది. కొట్టలేదు, ఇంటికెళ్ళే వేళైంది. తెల్లారి మీటింగ్‌కి రమ్మన్నది ఎవరో ఇక అడగక్కర్లేదు. తుమ్మకి ఇదంతా లెక్క తెగినట్టు అర్థమైంది. లోపల మాత్రం అదే తిమ్మిరి. పంటికి మత్తు సూది వేశాక చెంప గిల్లుకున్నట్టుంది.

"నాలుగింటికి పదకొండు వెళ్తే ఏమవుతుందమ్మా?"

"పదకొండా? పన్నెండు కదా వెళ్ళాలి." ఆవిడ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "ఇప్పుడు బాక్సుల్లో ఉన్నది పాతది, మూడొందల తొంభై. దాంట్లో చెక్ ఉంది. పదకొండు వెళ్తే ఉండదు. నూటికి నూరు శాతం చేరితేనే బాక్సులు మారతాయి, మధ్యలో తెగితే పాతదే పట్టుకునుంటాయి. సర్వర్ రూములో నీలం కేబులుంటుంది బాబూ. అదొక్కటే బయటికెళ్ళే దారి."

"టైమెంతైంది?"

ఆవిడ అతని చేతి గడియారం వైపు చూసి, గోడ గడియారం చూపించింది. మూడూ యాభై ఆరు.

సర్వర్ రూములో నలుగురున్నారు. పెద్దాయన సంతకం చేసిన ఆర్డరుతో, కింద ఆ కాగితంతో నిలబడి ఉన్నాడు. పక్కన సాక్షిగా బంకాయన, ఆయన చేతిలో పెద్దాయన టీ ఫ్లాస్కు. తలుపు దగ్గర గార్డు. కీబోర్డు ముందు సంపెంగ.

"ఏసీ సంగతి చూడు," అన్నాడు పెద్దాయన.

"సార్, చెక్ పన్నెండులో ఉంది. పదకొండులో లేదు. మీ కాగితం తిరగేసి తీసింది."

సంపెంగ నిట్టూర్చింది. "ఇంటి మనిషి పోయిన బాధ సార్. ఇతన్ని పంపకుండా ఉండాల్సింది."

"నాకు బాధ లేదు మేడమ్. అదే నా ఇబ్బంది."

"ఎక్కడ చూశావు?" అనడిగాడు పెద్దాయన.

"తెర మీద సార్."

"తెర సాక్ష్యం కాదు."

"తెలుసు సార్. అందుకే మీ కాగితం అడుగుతున్నాను."

పెద్దాయన ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆయన ఆలోచన నిదానంగా సాగుతుంది. సంపెంగకి అంత నిదానం లేదు. ఎంటర్ నొక్కింది. తెర మీద పచ్చ గీత కదిలింది. తొమ్మిది శాతం. పద్నాలుగు.

తుమ్మ కాగితం లాక్కున్నాడు, బంకాయన చేతిలో ఫ్లాస్కు అందుకున్నాడు, అతి రహస్యం మీద టీ పోశాడు.

"అది ప్రభుత్వ పత్రం," అన్నాడు పెద్దాయన.

"వేడిగా ఉందా?" అన్నాడు బంకాయన. ఆయన ధ్యాసంతా చీటీ మీదే ఉంది. "వేడిదైతేనే ఊడుతుంది. మైదా జిగురది, నేనే ఉడికిస్తాను. అలా గోకితే చిరుగుతుంది నాయనా, ఇటివ్వు." ఎడమ మూల గోటితో ఎత్తి, ముప్ఫై ఒక్కేళ్ళ అనుభవంతో, చీటీని చిరక్కుండా ఒలిచాడు. కింద రెండు లైన్లు బయటపడ్డాయి. బంకాయన చదివాడు. "రోజూ అంటిస్తాను. కింద ఏముందో ఒక్కసారీ చదవలేదండీ," అన్నాడు ఎవరితోనో.

నలభై ఎనిమిది శాతం. యాభై ఐదు.

పెద్దాయన కళ్ళజోడు కోసం జేబులు వెతుక్కున్నాడు. మూడో జేబులో దొరికింది.

"సార్," అన్నాడు తుమ్మ.

"ఆగు, చదవనీ. ఇది నాలుగొందల పన్నెండా?"

"అవును సార్. ముందడిగింది అదే. దాని మీద మైనస్ గుర్తుంది."

"కింద నాలుగొందల పదకొండు."

"అవును సార్."

"పన్నెండు ముందు, పదకొండు తర్వాత."

"అవును సార్."

డెబ్భై ఆరు. ఎనభై నాలుగు.

"అంటే అతను తీసెయ్యలేదు."

"పెట్టాడు సార్. ఈ లైన్లు వాడివేనని నిన్న నేనే చెప్పాను. రాసింది వాడే. పీకింది వాడు కాదు."

తొంభై మూడు.

"మరి నిలబడి చూస్తావేంటి? ఆపు."

తుమ్మ సంచీలోంచి కటింగ్ ప్లయర్ తీసి నీలం కేబుల్ వైపు నడిచాడు. వెనక సంపెంగ హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. ఈ రంగంలో లిప్‌స్టిక్ తీసిన ఆడది పెదాలకి రంగు వేసుకుంటుందని ఎవడూ అనుకోడు. తుమ్మ అద్దంలాంటి సర్వర్ తలుపులో ఆమె చెయ్యి చూశాడు. తప్పుకుంటే కేబుల్ అందదు. తప్పుకోలేదు. భయం కూడా రాలేదు, అదొక్కటే ఆ పూట అతనికి కలిసొచ్చింది.

ప్లయర్ కేబుల్‌ని తెంపింది. తూటా అతని చెవి పక్కనుంచి పోయి గోడ మీద ఏసీలో దిగింది. తెల్లటి పొగ బుస్సుమని గది నింపింది. పొగ తేలేసరికి గార్డు సంపెంగ రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. తెర మీద పచ్చ గీత తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయి ఉంది.

"ఇప్పుడు నిజంగానే గ్యాసు తక్కువైంది మేడమ్," అన్నాడు తుమ్మ.

తీసుకెళ్తుంటే సంపెంగ తలుపు దగ్గర ఆగింది. "మా దగ్గర కూడా ఇలాగే ఉంటుంది," అంది. "అందరూ సంతకాలు పెడతారు. ఎవరూ చదవరు." ఆ సాయంత్రమే పళ్ళ డాక్టరు క్లినిక్ మీద దాడి జరిగింది. నలుగురు దొరికారు. వాళ్ళలో పన్ను పీకడం వచ్చినవాడు ఒక్కడూ లేడు.

కొత్త కేబుల్ బిగించి నాలుగూ ముప్ఫై ఐదుకి పన్నెండుని పంపించారు. కమాండ్ కొట్టింది టెస్టర్ ఆవిడ. నూటికి నూరు శాతం చేరింది. అందరూ వెళ్ళిపోయాక కూడా తుమ్మ ఆ ఖాళీ కుర్చీ పక్కన నిలబడే ఉన్నాడు. తెర మీద సిగ్నల్ బాక్సుల నుంచి వరసగా కబుర్లు వస్తున్నాయి.

ఐదూ పదికి లూప్ లైన్ బాక్సు నుంచి ఒక లైన్ వచ్చింది. షిఫ్టు బండి లోపలికొచ్చింది. వెంటనే రెండో లైన్. ట్యాంకర్ల బండికి ఎర్ర దీపం పడింది. ఏ చెక్ వల్ల పడిందో దాని పేరు కూడా బాక్సు పక్కనే అచ్చు వేసింది.

ఆగు నాయనా.

ట్యాంకర్ల బండి ఆగింది.

తుమ్మ గొంతులో ఏదో అడ్డుపడింది. పొద్దుట్నుంచీ అతను ఏమీ తినలేదు. చేతిలో టీ కూడా లేదు. అదేంటో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. స్వెట్టర్ వేలాడుతున్న ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. టెస్టర్ ఆవిడ తన తెర వైపు తిరిగి, అతను లేచేదాకా ఇటు చూడలేదు.

శుక్రవారం పేపర్లో ఏ పేరూ రాలేదు. డిపార్ట్‌మెంట్‌లో ఒక సర్క్యులర్ మాత్రం వచ్చింది: ఇకమీదట అతి రహస్యం చీటీలు కాగితానికి పైన కాకుండా కింద అంటించవలెను. ఆ సర్క్యులర్ కింద సంతకం ఎవరిదో ఎవరికీ కనపడలేదు.

అదే రోజు సాయంత్రం తుమ్మ మరదలింటికి వెళ్ళాడు. కంపెనీవాళ్ళు ఆ మధ్యాహ్నం స్వెట్టరూ, తెర అంచున ఉన్న చీటీ తెచ్చి ఇచ్చారు. పాప స్వెట్టర్ తొడుక్కుని, చేతులు నేలకి జీరాడుతుంటే వరండాలో పరిగెడుతోంది. మరదలు నీళ్ళ గ్లాసు ఇచ్చింది.

"కనుక్కున్నానమ్మా," అన్నాడు. "వాడు ఏదీ తీసెయ్యలేదు. ఎవరో తీసేసినదాన్ని మళ్ళీ పెట్టాడు. దానివల్ల నిన్న ఒక బండి ఆగింది. తొమ్మిదొందల మంది ఇళ్ళకెళ్ళారు."

ఆమె గోడకి ఆనుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు చూసింది, బావగారి కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"తూనికల ఆఫీసులో మీకివన్నీ ఎలా తెలిశాయి బావగారూ?"

తుమ్మ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరో దొంగ తూకం వేశారమ్మా," అన్నాడు. "మళ్ళీ తూయించాను."